అమెరికా హెచ్.ఆర్.ఎ. కార్డు, మన ఆసుపత్రి బిల్లు

డిసెంబరు నెలలోనూ, వేసవి సెలవులలోనూ మన ఆసుపత్రి పళ్ల విభాగంలో, కంటి విభాగంలో కొత్త ముఖాలు ఎక్కువగా కనబడుతుంటాయి. కొత్తవంటే నిజానికి పాతవే. మన సంఘాలలో పుట్టి పెరిగి ఉద్యోగాల కోసం అమెరికా వెళ్లిన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, అక్కడ ఖరీదని వాయిదా వేసుకున్న పంటి పని, కళ్లజోడు పని ఇక్కడ చేయించుకుని వెళ్తుంటారు. బిల్లు కౌంటరు దగ్గర వారిలో కొందరు ఒక కార్డు తీసి, "సిస్టర్, ఇది ఇక్కడ పనిచేస్తుందా?" అని అడుగుతారు. కొందరు తల్లిదండ్రులు ఇంకొక మాట అడుగుతారు. "సిస్టరమ్మా, మా అబ్బాయికి అక్కడ కంపెనీవాళ్లు వైద్యానికి డబ్బు ఇస్తారంట. నా ఆపరేషన్ బిల్లు వాడి పేరు మీద రాసివ్వండి" అని.

మొదటి ప్రశ్నకు జవాబు: చాలావరకు పనిచేయదు, అయినా డబ్బు వచ్చే దారి ఉంది. రెండవ ప్రశ్నకు జవాబు: రాయలేము. ఈ రెండు జవాబులకూ కారణం ఒక్కటే, అది తెలిస్తే కౌంటరు దగ్గర ఎవరూ చిన్నబుచ్చుకోవలసిన పని ఉండదు. అందుకే ఈ నెల ఈ సంగతి వివరంగా రాస్తున్నాను. ఫోనులో పిల్లలకు చదివి వినిపించండి.

హెచ్.ఆర్.ఎ. అంటే ఏమిటి?

హెల్త్ రీయింబర్స్‌మెంట్ అరేంజ్‌మెంట్ అని పూర్తి పేరు. వాడుకలో చాలామంది "అకౌంట్" అంటారు. పేరు పెద్దదైనా విషయం మనకు కొత్తది కాదు. మన సంఘంలో ప్రభుత్వ టీచర్లు చాలామంది ఉన్నారు. వారు వైద్యం చేయించుకుని, మొదట చేతి డబ్బు కట్టి, బిల్లులకు ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ జతచేసి మెడికల్ రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకుంటారు. హెచ్.ఆర్.ఎ. కూడా ఆ కుటుంబంలోదే. ఉద్యోగి, అతని భార్య లేక ఆమె భర్త, పిల్లలు చేసుకున్న వైద్య ఖర్చును సంవత్సరానికి ఇంత అని ఒక హద్దు వరకు కంపెనీ తిరిగి ఇస్తుంది. ఆ డబ్బుపై ఉద్యోగి ఆదాయపు పన్ను కట్టనక్కరలేదు. అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్. 2002లో దీనికి నియమాలు రాసింది. 2003లో దీనికి డెబిట్ కార్డు వాడుకోవచ్చని ఒప్పుకుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఇందులో ఉద్యోగి జీతం నుండి ఒక్క డాలరు కూడా వేయకూడదు. అంతా కంపెనీ డబ్బే. చాలా కంపెనీలలో ఆ డబ్బు బ్యాంకులో విడిగా కూడా ఉండదు, "నీకు ఇంతవరకు ఇస్తాము" అని పుస్తకంలో రాసి ఉంచిన అంకె మాత్రమే. కార్డు మీద మన పిల్లవాడి పేరు ఉంటుంది, కాబట్టి తన డబ్బే అనిపిస్తుంది. కాదు. వైద్యానికి తప్ప మరి దేనికీ అది రాదు. ఏ.టి.ఎం.లో తీసుకోవడానికీ వీలులేదు. కార్డు పనిచేసే తీరు మొత్తానికి మూలం ఇదే.

ఇలాంటి కార్డులు అక్కడ మూడు రకాలు. చూడడానికి మూడూ ఒకేలా ఉంటాయి. హెచ్.ఎస్.ఎ. అనేది ఉద్యోగి సొంత ఖాతా, ఉద్యోగం మారినా వెంట వస్తుంది, దానికి బిల్లు ఎవరూ అడగరు. కాని వైద్యం కాని పనికి వాడితే 65 ఏళ్ల లోపువారికి పన్నుతో పాటు మరో 20 శాతం పడుతుంది గనుక బిల్లులు తామే దాచుకోవాలి. ఎఫ్.ఎస్.ఎ. అనేది ముఖ్యంగా జీతం నుండి పక్కన పెట్టుకునేది, చాలావరకు ఆ సంవత్సరంలోనే వాడుకోవాలి. హెచ్.ఆర్.ఎ. కంపెనీది. మిగిలిన సొమ్ము వచ్చే సంవత్సరానికి వెళ్తుందా లేదా అన్నది కంపెనీ ప్లానును బట్టి ఉంటుంది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పక్క ఫ్లాటులో ఉండే స్నేహితుడు "నన్నెవరూ ఇంతవరకు బిల్లు అడగలేదు" అంటాడు. అతనిది హెచ్.ఎస్.ఎ. అయి ఉంటుంది. అతని మాట నమ్మి మనవాడు హెచ్.ఆర్.ఎ. బిల్లులు చెత్తబుట్టలో వేస్తాడు. ముందు మీ పిల్లల కార్డు మూడింటిలో ఏదో అడిగి తెలుసుకోండి.

గీకితే అయిపోయినట్టు కాదు

అమెరికాలో డాక్టరు దగ్గర, మందుల షాపులో ఆ కార్డు గీకగానే డబ్బు వెళ్లిపోతుంది. రశీదు చేతికి వస్తుంది. ఇక పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పటికి సగమే అయింది. ఆ ఖర్చు నిజంగా వైద్యానిదేనా, ప్లానులో ఉన్నవారిదేనా అని ఎవరో ఒకరు రుజువు చూడవలసిందే. ఇది కంపెనీ పిసినారితనం కాదు, పన్నుల శాఖ నియమం. వైద్యం కాని పనికి కూడా డబ్బు తీసుకునే వీలు ఒకరికి ఇచ్చినా, ఆ ప్లానులో అందరికీ పన్ను మినహాయింపు పోయే ప్రమాదం ఉంది. అందుకని కంపెనీ తరపున క్లెయిములు చూసే సంస్థ చాలా పట్టుదలగా ఉంటుంది.

కొన్నిసార్లు కాగితం అడగకుండానే రుజువు అయిపోతుంది. ఇన్సూరెన్సు ప్లానులో డాక్టరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ 25 డాలర్లు కట్టాలని ఉందనుకోండి. సరిగ్గా 25 డాలర్లే డాక్టరు దగ్గర గీకితే కంప్యూటరు సరిపోల్చుకుని ఒప్పుకుంటుంది. ఒకసారి రుజువు చూపిన మందును అదే షాపులో, అదే ధరకు నెలనెలా కొంటున్నా ఒప్పుకుంటుంది. ఇక పెద్ద షాపుల్లో, జ్వరం మాత్రలూ సబ్బులూ ఒకేచోట అమ్మే దగ్గర, ప్రతి వస్తువు మీది గీతల గుర్తును బట్టి ఏది వైద్యానిదో షాపు కంప్యూటరే విడదీస్తుంది. మాత్రల డబ్బు ఆ కార్డు నుండి, సబ్బు డబ్బు మన చేతి నుండి. 2006లో పన్నుల శాఖ ఈ పద్ధతిని ఒప్పుకుంది.

మిగిలిన వాటికి కాగితం అడుగుతారు. ముఖ్యంగా పంటి డాక్టరు, కళ్లజోడు షాపు, ఆసుపత్రి బిల్లు. ఎందుకంటే పంటి డాక్టరు దగ్గర 300 డాలర్లు గీకినట్టు మాత్రమే కంప్యూటరుకు తెలుస్తుంది. అది పిప్పిపన్నుకు కట్టినదో, పళ్లు తెల్లబరచుకోవడానికి కట్టినదో తెలియదు. మొదటిది చెల్లుతుంది, రెండవది చెల్లదు.

కాగితం కావాలని ఉత్తరమో ఈ-మెయిలో వస్తుంది. మన పిల్లలకు ఆఫీసు మెయిల్ తప్ప మరొకటి విప్పే అలవాటు తక్కువ. గడువు దాటాక ఒకరోజు మందుల షాపులో కార్డు ఆగిపోతుంది. అప్పుడు కంగారు. రుజువు చూపకపోతే ఆ సొమ్ము తిరిగి కట్టమంటారు. కట్టకపోతే తర్వాత పెట్టే మంచి బిల్లులో నుండి తగ్గించుకుంటారు, చట్టం ఒప్పుకున్నంతవరకు జీతంలో కూడా పట్టుకోవచ్చు. చేసుకున్నది నిజమైన వైద్యమే అయినా, కాగితం లేదన్న ఒక్క కారణానికి డబ్బు పోతుంది. ఇది చాలా బాధాకరమైన సంగతి.

గీకిన మిషను నుండి వచ్చే చిన్న చీటీ బిల్లు కాదని ఇంకోసారి చెబుతున్నాను. అందులో మొత్తం, తారీఖు, షాపు పేరు ఉంటాయి గాని వైద్యం పేరు ఉండదు. అమెరికాలో ఇన్సూరెన్సు ఉన్నవారికి అన్నిటికన్నా మంచి రుజువు ఇన్సూరెన్సు కంపెనీ పంపే ఇ.ఒ.బి. అనే కాగితం. ఎవరికి, ఏ రోజు, ఏమి చేశారు, ఇన్సూరెన్సు ఎంత కట్టింది, మీరు కట్టవలసింది ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఇన్సూరెన్సు కట్టిన భాగాన్ని మళ్లీ హెచ్.ఆర్.ఎ. నుండి తీసుకోకూడదు. హెచ్.ఆర్.ఎ. నుండి తీసుకున్నదాన్ని మళ్లీ పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపకూడదు.

ఇక్కడ చేయించుకున్న వైద్యానికి వస్తుందా?

వస్తుంది, ప్లాను ఒప్పుకుంటే. వైద్యం అమెరికాలోనే జరగాలన్న షరతు పన్నుల శాఖ పెట్టలేదు. అయితే ఆ కార్డులు చాలావాటిని అమెరికా బయట పనిచేయకుండా కట్టేసి ఉంచుతారు. కనుక ఇక్కడ సొంత డబ్బు కట్టి, సరియైన బిల్లు తీసుకుని, వెళ్లాక క్లెయిము పెట్టుకోవాలి. అచ్చం మన టీచర్లు పెట్టుకున్నట్టే. రూపాయల బిల్లును డాలర్లలోకి మార్చి రాయాలి. కట్టిన రోజు మారకం ధర ఎంతో ఆ రోజే ఒక కాగితం తీసి బిల్లుకు జతచేస్తే తర్వాత వెతుకులాట ఉండదు.

పిప్పిపన్ను పూడ్చడం, రూట్ కెనాల్, పంటి తొడుగు, కంటి పరీక్ష, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు, వినికిడి మిషను, బి.పి. చూసే మిషను, ఇన్సులిన్, షుగరు పరీక్ష పట్టీలు, టీకాలు, ఫిజియోథెరపీ ఇవన్నీ వైద్య ఖర్చులే. జబ్బు లేకపోయినా చేయించుకునే ఫుల్ బాడీ చెకప్ కూడా వైద్య ఖర్చే. మన దగ్గర చాలామంది పిల్లలు వచ్చిన మర్నాడే పరగడుపున చేయించుకునేది అదే. చీటీ లేకుండా కొనే జ్వరం, జలుబు మందులకు 2011 నుండి 2019 వరకు డాక్టరు చీటీ తప్పనిసరిగా ఉండేది. కరోనా సమయంలో 2020 మార్చిలో వచ్చిన చట్టంతో ఆ షరతు పోయింది, ఆడపిల్లల శానిటరీ ప్యాడ్లు కూడా అప్పుడే జాబితాలో చేరాయి. పళ్లు తెల్లబరచడం, అందం కోసం చేసే ఆపరేషన్లు, టూత్ పేస్టు, డాక్టరు ఏ జబ్బుకనీ రాయని విటమిన్ మాత్రలు చెల్లవు. విమానం టికెట్టు కూడా రాదా అని ఒకరు అడిగారు. సెలవుకు ఇంటికి వచ్చి పన్ను చూపించుకున్నంత మాత్రాన ప్రయాణం వైద్యం అవ్వదు గదా.

పన్నుల శాఖ ఒప్పుకున్నవన్నీ మీ పిల్లల కంపెనీ ఒప్పుకోవాలని లేదు. ఒక కంపెనీ పంటికి, కంటికి మాత్రమే ఇస్తుంది. మరొకటి ఇన్సూరెన్సులో చేతి నుండి కట్టే డిడక్టిబుల్‌కు మాత్రమే ఇస్తుంది, అలాంటి ప్లానులో ఇక్కడి పంటి బిల్లు పెట్టినా రాదు. బయలుదేరే ముందే ప్లాను పుస్తకం చూసుకుని, ఇండియా బిల్లు తీసుకుంటారా అని అడిగి, జవాబు ఈ-మెయిల్‌లో తెప్పించుకుని రావాలి. పన్నుల శాఖ పెట్టిన జాబితా చూడాలనుకునేవారికి 502 నెంబరు పుస్తకం, ఈ ఖాతాల సంగతికి 969 నెంబరు పుస్తకం వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

మందుల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఇది పెద్ద సంగతి. పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు పచ్చళ్ల పక్కన ఆరు నెలలకు, సంవత్సరానికి సరిపడా మాత్రలు సర్దుతాం. పన్నుల శాఖ లెక్క ఇది: డాక్టరు రాసిన మందు ఇక్కడ కొని, ఇక్కడ ఉన్నప్పుడే వేసుకుంటే, అది రెండు దేశాలలోనూ చట్టం ఒప్పుకున్న మందైతే వైద్య ఖర్చే. డాక్టరు రాసిన మందును ఇక్కడి నుండి అమెరికాకు తీసుకువెళ్లడం, పార్సెల్ వేయించుకోవడం మామూలుగా చెల్లదు. కనుక రూట్ కెనాల్ తర్వాత రాసిన ఐదు రోజుల మందులకు ఒక బిల్లు, సూట్‌కేసులో పెట్టే మాత్రలకు వేరే బిల్లు తీసుకోండి. రెండూ ఒకే బిల్లులో కలిస్తే చెల్లేదానికి కూడా ప్రశ్న వస్తుంది.

మన బిల్లులో ఏమేమి ఉండాలి?

ఐదు సంగతులు కనబడాలి. ఎవరికి, ఎక్కడ, ఏ రోజు, ఏమి చేశాము, ఎంత తీసుకున్నాము. వినడానికి సులువే. మన కౌంటరులో ఈ ఐదింటిలో మూడు చోట్ల చిక్కు వస్తుంటుంది.

పేరు దగ్గర మొదటి చిక్కు. చిన్నప్పుడు అమ్మ ఒడిలో వచ్చినప్పటి ఓ.పి. చీటీనే ఇప్పటికీ తెస్తారు. అందులో ముద్దుపేరు ఉంటుంది. మన కుటుంబాలలో సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్లలో ఒక పేరు ఉండటం కూడా మామూలే. ఇంటిపేరు మొదటి అక్షరంగా మాత్రమే రాస్తాం. పెండ్లి అయిన ఆడపిల్లకు అక్కడి కాగితాలలో భర్త ఇంటిపేరు ఉండవచ్చు. అమెరికాలో ఆ బిల్లు చూసేవారికి ఇవన్నీ వేరువేరు మనుషులే. కాబట్టి చూపించుకునే రోజు ఉదయమే, ఓ.పి. రాయించేటప్పుడే పాస్‌పోర్టు చూపి అందులో ఉన్నట్టు పూర్తి పేరు రాయించుకోండి. డాక్టరు చీటీ, లాబ్ రిపోర్టు, మందుల బిల్లు అన్నీ ఆ పేరు వెంటే నడుస్తాయి. చివర బిల్లులో మాత్రం మార్చమంటే మిగతా కాగితాలతో పొసగదు.

తారీఖు దగ్గర రెండవ చిక్కు. మనం రోజు ముందు రాస్తాం, వాళ్లు నెల ముందు రాస్తారు. డిసెంబరు 5న తీసిన పంటికి 5-12 అని రాస్తే అక్కడివారు మే నెల 12 అని చదువుతారు. మే నెలలో మనవాడు ఆ కంపెనీలో చేరి ఉండకపోతే బిల్లు తిరిగి వస్తుంది. నెలను అక్షరాలతో రాయమని కౌంటరులో అడగండి. డబ్బు ఎప్పుడు కట్టారన్నది కాదు, వైద్యం ఎప్పుడు జరిగిందన్నదే వారికి ముఖ్యం. ప్లానులో చేరకముందు జరిగిన వైద్యానికి తర్వాత డబ్బు కట్టినా రాదు. పంటి తొడుగుకు మూడు సార్లు వస్తే మూడు తారీఖులూ బిల్లులో కనబడాలి.

వైద్యం పేరు మూడవది. "అడ్వాన్సు అందినది", "పాత బాకీ", "ఇతరములు" ఇలాంటి మాటలు ఉన్న రశీదులు వారికి పనికిరావు. వివరమైన బిల్లు కావాలని అడగండి. ఏ పంటికి, ఏ పని, ఎంత అని విడివిడిగా ఇస్తారు. మందుల బిల్లులో మందు పేర్లు ఉంటాయి, దానితో డాక్టరు రాసిన చీటీ నకలు కూడా పెట్టుకోండి. బిల్లు మీద ఆసుపత్రి స్టాంపు, చీటీ మీద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నెంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

మందుల షాపులో, లాబ్‌లో మిషను నుండి వచ్చే నున్నని కాగితం బిల్లుల మీద అక్షరాలు మన ఎండకు నిలవవు. కారు అద్దం వెనుక ఒక మధ్యాహ్నం ఉంటే చాలు, నల్లబడిపోతాయి. వాటిని అదే రోజు ఫోనుతో ఫొటో తీసి, జిరాక్సు కూడా తీయించి ఉంచుకోండి. ఆ ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందులో మీ అమ్మాయి రోగం పేరు, పుట్టిన తేదీ ఉంటాయి, నలుగురి పిన్నమ్మలకు అవి ఎందుకు?

"నా బిల్లు వాడి పేరు మీద రాయండి"

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఈ మాట అడిగే తల్లిదండ్రులలో ఎవరికీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉండదని నాకు తెలుసు. "మా అబ్బాయి సంపాదన, మా అబ్బాయి కంపెనీ, డబ్బు కట్టేదీ వాడే, పేరు వాడిదైతే ఏమి?" అనుకుంటారు. బిడ్డ మీద భారం తగ్గించాలని అడుగుతారు. అయినా అది చేయకూడని పని. మా కౌంటరులో ఎవరు అడిగినా, ఎంత దగ్గరివారు అడిగినా చేయరు.

మొదట నియమం చూడండి. హెచ్.ఆర్.ఎ. ఉద్యోగికి, భార్యకు లేక భర్తకు, 26 ఏళ్ల వరకు పిల్లలకు, పన్ను చట్టం ప్రకారం అతని మీద ఆధారపడినవారికి ఇవ్వవచ్చు. అందులోనూ కంపెనీ ప్లానులో ఎవరెవరిని చేర్చిందో వారికే. తల్లిదండ్రులు ఆధారపడినవారి లెక్కలోకి రావాలంటే వారి పోషణలో సగానికి పైగా బిడ్డ భరించాలి. అది చాలామంది పిల్లలు చేస్తున్నారు. కాని ఇంకొక షరతు ఉంది. ఆ తల్లిదండ్రులు అమెరికా పౌరులో, పన్ను చట్టం లెక్కలో అక్కడి నివాసులో, లేదా కెనడాలోనో మెక్సికోలోనో నివసించేవారో అయి ఉండాలి. ఇక్కడ మన ఊళ్లో కాపురం ఉన్న అమ్మానాన్నలు, కొడుకు నెలనెలా ఎంత పంపినా, ఆ లెక్కలోకి రారు. గ్రీన్ కార్డు తీసుకుని పిల్లల దగ్గరే ఉంటున్నవారి సంగతి వేరు, వారి కోసం కంపెనీని అడగవచ్చు.

మనవరాలిని చూడటానికి విజిటర్ వీసా మీద కొద్ది నెలలు వెళ్లే వారికి కూడా ఇదే మాట. అక్కడ జ్వరం వస్తే కొడుకు తన కార్డు గీకి మీ మందులు కొనకూడదు. షాపులో అది పనిచేస్తుంది, ఎవరూ ఆపరు, అందుకే ఇది ఇంకా ప్రమాదం. విజిటర్ ఇన్సూరెన్సు విడిగా తీసుకునే బయలుదేరండి.

ఇక పేరు మార్చి రాస్తే ఏమవుతుందో చూడండి. అమ్మకు శుక్లాల ఆపరేషన్ జరిగింది. బిల్లులో కంటిలో పెట్టిన లెన్సు, ఆపరేషన్ పేరు ఉంటాయి. పేరు మాత్రం 32 ఏళ్ల కొడుకుది. చూసేవారికి మొదటి చూపులోనే అనుమానం వస్తుంది. వారు ఆసుపత్రికి రాసి అడిగితే, మా ఓ.పి. రిజిస్టరు, కేస్ షీటు, థియేటరు రిజిస్టరు మూడింటిలోనూ అమ్మ పేరే ఉంటుంది. అప్పుడు కొడుకు దొంగ బిల్లు పెట్టినవాడవుతాడు. పోయేది ఆ కొన్ని వందల డాలర్లు కాదు, ఉద్యోగం. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పైగా ఆ బిల్లు నిజమని ఎవరైనా నమ్మితే అతని వైద్య చరిత్రలో లేని జబ్బు ఒకటి చేరుతుంది. నర్సుగా నాకు అన్నిటికన్నా భయం అదే. రేపు ఏ అత్యవసరంలోనో డాక్టరు ఆ కాగితం చూసి నిర్ణయం తీసుకుంటే? ఇంకొక మాట. ఒక ఆసుపత్రి నుండి ఒక్క దొంగ బిల్లు బయటపడితే, ఆ తర్వాత అక్కడి నుండి వెళ్లే నిజమైన బిల్లులన్నీ అనుమానంతోనే చూస్తారు. మీ పక్కింటి అమ్మాయి రూట్ కెనాల్ బిల్లు కూడా ఆగిపోతుంది.

అలాగని తల్లిదండ్రులకు దారి లేదని కాదు. 70 ఏళ్లు నిండిన వారికి 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల వరకు వైద్యం ఉంది, ఆదాయం ఎంతైనా సరే, పిల్లలు అమెరికాలో ఉన్నా సరే. ఆధార్‌తో పేరు నమోదు చేసుకోవాలి, పథకంలో ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. ఆ వయసు రానివారికి తెల్ల కార్డు ఉంటే రాష్ట్ర పథకం ఉందేమో చూసుకోండి, లేకపోతే పిల్లలు ఇక్కడే ఒక ఇన్సూరెన్సు పాలసీ కట్టడం మంచిది. జబ్బు రాకముందు కడితేనే అది ఉపయోగం.

ఉద్యోగం మారేటప్పుడు

2022, 2023 సంవత్సరాలలో అక్కడి కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు మన కుటుంబాలలో కూడా కొన్ని ఇళ్లు ఆ బాధ పడ్డాయి. అలాంటి సమయంలో హెచ్.ఆర్.ఎ. గురించి ఎవరూ ఆలోచించరు. కార్డు మాత్రం ఉద్యోగంతో పాటే ఆగిపోతుంది. మిగిలిన సొమ్ము సాధారణంగా కంపెనీకే వెళ్లిపోతుంది. అయితే ఉద్యోగంలో ఉన్న రోజులలో జరిగిన వైద్యానికి, ఉద్యోగం పోయాక కూడా బిల్లు పెట్టుకోవడానికి కొంత గడువు ఇస్తారు. ఎన్ని రోజులన్నది ప్లాను పుస్తకంలో ఉంటుంది. కోబ్రా అనే చట్టం కింద సొంతంగా డబ్బు కట్టుకుంటూ కొనసాగించుకునే వీలు కూడా చాలా కంపెనీలలో ఉంటుంది. ఆఖరి రోజున హెచ్.ఆర్. విభాగాన్ని ఈ రెండూ అడగాలి. డిసెంబరులో ఇక్కడ చేయించుకున్న పంటి పని బిల్లును "తీరికగా పెడదాంలే" అని ఏప్రిల్ వరకు సొరుగులో ఉంచవద్దు. విమానం దిగిన వారంలోనే పెట్టేయాలి. ఇప్పుడు చాలా సంస్థలు ఫోనులో ఫొటో తీసి పంపినా తీసుకుంటున్నాయి.

కొందరు పిల్లలు వెళ్తూ వెళ్తూ ఒక కార్డు అమ్మ చేతిలో పెట్టి "మందులకు వాడుకో" అంటారు. అది మామూలు బ్యాంకు కార్డు అయితే మంచిదే. హెచ్.ఆర్.ఎ. కార్డు అయితే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. కార్డు ఆగిపోయిందని, నెంబరు చెప్పమని, ఓ.టి.పి. చెప్పమని ఎవరైనా ఫోను చేస్తే చెప్పవద్దు. పిల్లవాడికే నేరుగా ఫోను చేసి కనుక్కోండి.

ఇక్కడి బిల్లు పోగొట్టుకున్నవారు ఓ.పి. నెంబరు, వచ్చిన తారీఖు చెబితే రికార్డు గదిలో వెతికి నకలు ఇస్తారు. నకలు మీద "డూప్లికేటు" అని ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు, ఐదు సంగతులూ అందులో ఉంటే చాలు. పిల్లల తరపున తల్లిదండ్రులు నకలు తీసుకోవడానికి వస్తే పిల్లవాడు రాసి సంతకం చేసిన ఉత్తరం, అతని పాస్‌పోర్టు జిరాక్సు తప్పనిసరిగా తేవాలి. వేరొకరి వైద్య కాగితాలు, కన్నవారికైనా సరే, అడగగానే ఇచ్చేయము.